వింటేజ్ గిటార్ కొనే ముందు పికప్ ఎత్తు చూడండి

పై ఫ్రెట్లలో ఆరో స్ట్రింగ్ శ్రుతి వణకడానికి కారణం మీ స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ తరహా ఎలక్ట్రిక్ గిటార్) చవకది కావడం కాదు, చాలావరకు పికప్ (స్ట్రింగ్ కదలికను సిగ్నల్‌గా మార్చే అయస్కాంత భాగం) ఎత్తే. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్ స్ట్రింగ్‌కి మరీ దగ్గరగా ఉంటే దాని అయస్కాంతాలు స్ట్రింగ్‌ని లాగుతాయి. మూడు రెట్లు పెట్టి వింటేజ్ స్టైల్ గిటార్ కొన్నా, ఎత్తు తప్పితే ఇదే గోల.

1. ఆరో స్ట్రింగ్‌ని చిట్టచివరి ఫ్రెట్‌లో నొక్కి పట్టుకోండి. చాలామంది వదిలేసేది ఇదే. నొక్కకుండా కొలిస్తే గ్యాప్ ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది, పికప్ దించాల్సిన పనే లేదనిపిస్తుంది.
2. స్ట్రింగ్ అడుగు నుంచి అయస్కాంతం పైభాగం దాకా కొలవండి. వింటేజ్ తరహా పికప్‌లకు ఫెండర్ చెప్పే కొలత 2.4 మి.మీ. ఒకటో స్ట్రింగ్ వైపు 2 మి.మీ.
3. పక్క స్క్రూలు కొద్దికొద్దిగా తిప్పి దించండి, ప్రతిసారీ వినండి.
4. ఇంటొనేషన్ (అన్ని ఫ్రెట్లలో శ్రుతి సరిగ్గా పలికేలా సర్దడం) ఆ తర్వాతే.

అప్పటికీ మనసు వింటేజ్ మీదే ఉంటే, నెక్ పట్టు చేతికి నచ్చితేనే కొనండి. నైట్రో (నైట్రోసెల్యులోజ్) పెయింట్ కోసం మాత్రం వద్దు, ఎలక్ట్రిక్‌లో దానివల్ల సౌండ్ పెద్దగా మారదు. 7.25 అంగుళాల వ్యాసార్థంతో వంపు తిరిగిన ఫింగర్‌బోర్డ్ మీద యాక్షన్ (స్ట్రింగ్ ఎత్తు) తక్కువగా పెడితే పెద్ద బెండ్లలో (స్ట్రింగ్‌ని పక్కకు లాగి శ్రుతి పెంచేటప్పుడు) నోట్ ఆగిపోతుంది, అదీ వాయించి చూడండి.