కోనసీమలో ఉండి ఫొటోగ్రఫీ మొదలెట్టేవాళ్లకి మాన్యువల్ మోడ్ ముందా, ప్లస్ మైనస్ బటన్ ముందా?

మీరు అడిగినవి మూడు అండి. ఇంట్లో 35 వేలు ఇస్తామన్నారు ఏ కెమెరా కొనాలి, మాన్యువల్ మోడ్, అంటే సెట్టింగులన్నీ మనమే పెట్టుకోవడం, రాకపోతే ఫొటోగ్రాఫర్ కానట్టేనా, తర్వాత పెళ్లిళ్లు తీసి నాలుగు డబ్బులు చూడొచ్చా. మాది రాజోలు వైపు. మా మావయ్యకి స్టూడియో ఉండేది, రీళ్లు పోయి కార్డులు రావడం ఆయన కొట్లోనే చూశాను, నేర్చుకుంది కూడా ఆయన దగ్గరే. ఉద్యోగంలో పడ్డాక కూడా ఆదివారం వస్తే కెమెరా మెళ్లో వేసుకుని కాలవ గట్లెంట తిరగడం మానలేదు, అందుకని మన నీళ్లల్లో మన చెమ్మలో పనికొచ్చే మాటలే చెప్తాను.

మాన్యువల్ గొడవ ముందు తేల్చేద్దాం. వెలుతురుని పట్టేవి మూడే: అపర్చర్, షట్టర్, ఐఎస్ఓ. ఎఫ్ నంబరు తగ్గితే లెన్స్‌లో కంత పెద్దదై ఎక్కువ వెలుతురు వస్తుంది, వెనకాలది బ్లర్ అవుద్ది. ఎఫ్ 4 నుంచి 5.6కి వెళ్తే వెలుతురు సగం, 8కి వెళ్తే అందులో సగం. షట్టర్ సెకనులో 1/500 వంతు పెడితే నడిచే మనిషి కదలకుండా పడతాడు, 1/30 పెడితే చెదిరిపోతాడు. ఐఎస్ఓ పెంచితే చీకట్లో కూడా వస్తుంది కానీ నూకల్లాగా గ్రెయిన్ కనిపిస్తుంది. ఇదంతా ఒక పూటలో తెలిసిపోయే విషయం. అసలు కష్టం ఇక్కడ లేదండి, వెలుతురు కొలిచే మీటర్ దగ్గరుంది, దాని గురించి మాత్రం కొత్తవాళ్లకి ఎవరూ సరిగ్గా చెప్పరు.

కెమెరాలో మీటర్ ఎదురుగా ఏముందో ఎరగదు, కనిపించినదాన్ని కాస్త అటూ ఇటూగా మధ్యరకం బూడిదరంగు కింద లెక్కేసుకుంటుంది. ఇప్పుడొచ్చే కెమెరాలు కొంత సర్దుకుంటాయి గానీ పూర్తిగా కాదు. సంక్రాంతి ముందు రోజుల్లో పొద్దున్నే పొలం మీద మంచు దట్టంగా ఉంటుంది చూడండి, ఫ్రేమ్ అంతా తెలుపే, కెమెరా దాన్ని బూడిద చేసేస్తుంది, మీరేమో ఫొటో చూసి మురికిగా వచ్చిందేంటి లెన్స్ బాలేదేమో అనుకుంటారు. అక్కడ ఫొటో వెలుగు పెంచి తగ్గించే ప్లస్ మైనస్ బటన్ నొక్కి +1 పెట్టండి, మంచు మంచులాగే వస్తుంది. దీనికి ఎదురు కేసు గేదె. రేవులో దిగిన గేదెని దగ్గరగా తీస్తే ఫ్రేమంతా నలుపు, కెమెరా కంగారుపడి వెలుతురు పెంచేసి గేదెని బూడిదరంగు చేస్తుంది, అక్కడ −1. మూడోది కొంగ, ఇదే అందర్నీ ముంచేది. ఊడ్పులు అయ్యాక పచ్చటి చేలో ఓ మూల తెల్ల కొంగ నిలబడుంటే ఫ్రేమ్‌లో ఎక్కువ భాగం ముదురు పచ్చే కదా, మీటర్ పచ్చని చూసి లెక్కేస్తుంది, కొంగ ఒంటి మీద ఈకలన్నీ తెల్ల కాగితం ముక్కలాగా కాలిపోతాయి, అంటే వెలుతురు ఎక్కువై వివరం ఏమీ మిగలదు. తెల్లది కదా అని ప్లస్ పెట్టారనుకోండి ఇంకా పోతుంది. మైనస్ పెట్టాలి, −0.7 నుంచి మొదలెట్టి చూసుకోండి. మంచూ తెలుపే, కొంగా తెలుపే, కానీ ఒకచోట ప్లస్ ఒకచోట మైనస్, ఎందుకంటే మీటర్ చూసేది కొంగని కాదు, ఫ్రేమ్‌లో ఎక్కువగా ఉన్నదాన్ని. ఇది తలకెక్కితే సగం ఫొటోగ్రఫీ వచ్చేసినట్టే అని నా ఉద్దేశం.

అందుకే మాన్యువల్ వెనక పడొద్దంటాను. అపర్చర్ ప్రయారిటీలో పెట్టండి, నికాన్‌లో ఏ అని, కెనాన్‌లో ఏవీ అని ఉంటుంది, ఎఫ్ నంబరు మీరు పెడితే షట్టర్ అదే చూసుకుంటుంది, మీ బొటనవేలు ప్లస్ మైనస్ మీద ఉంటే చాలు. మా మావయ్య చనిపోయేదాకా అలాగే తీశాడు, ఆయన ఫొటోగ్రాఫర్ కాదంటే మా ఊళ్లో ఎవరూ ఒప్పుకోరు. మాన్యువల్ కావాల్సింది రాత్రిపూట స్టాండు మీద తీసేటప్పుడు, ఫ్లాష్ వాడేటప్పుడు, ఇంకా వెలుతురు మారకుండా ఉండి ఫొటోలన్నీ ఒకేలా రావాలన్నప్పుడు. ఇంకోటి, ఎండలో వెనక స్క్రీన్‌ని నమ్మొద్దు, మెనూలో హైలైట్ అలర్ట్ ఆన్ చేసుకోండి, కాలిపోయిన చోటల్లా టపటపా మెరుస్తుంది. కెమెరా కొనేదాకా ఇదంతా ఫోన్‌లోనే నేర్చుకోవచ్చు, స్క్రీన్ మీద వేలు పెడితే పక్కన సూర్యుడి బొమ్మ వస్తుంది కదా, దాన్ని పైకీ కిందకీ జరపడమే ప్లస్ మైనస్.

కొబ్బరి తోట గురించి విడిగా చెప్పాలి. కోనసీమ అనగానే అందరూ తోటలోకి పోయి మనుషుల్ని నిలబెడతారు, తీరా చూస్తే మొహాన ఎండ చుక్కలు చుక్కలుగా పడి ఒక కన్ను వెలుగులో ఒక కన్ను చీకట్లో ఉంటుంది. పదకొండు గంటల ఎండలో తోటలో మనిషి ఫొటో ఎంత పెద్ద కెమెరాతోనైనా రాదండి. వాళ్లని అరుగు మీద, చూరు నీడలో కూర్చోబెట్టి మొహం వాకిలి వైపు తిప్పించండి, వాకిట్లో పడ్డ ఎండే తిరిగొచ్చి మొహం మీద మెత్తగా పడుద్ది. తోటని తీయాలంటే మబ్బు పట్టిన రోజున వెళ్లండి.

ఏ రేవులో ఏ పూట నిలబడాలో కూడా చూసుకోవాలి. రాజమండ్రి గోదారికి తూర్పు గట్టున ఉంది, అందుకే పుష్కర ఘాట్ మెట్ల మీంచి చూస్తే సూర్యాస్తమయం నీళ్ల మీద పడుద్ది, 1997లో వచ్చిన ఆర్చి బ్రిడ్జి నల్లగా గీతల్లాగా వస్తుంది. అదే సూర్యోదయం కావాలంటే అవతల కొవ్వూరు వెళ్లాలి. మన కింద కూడా అంతే, పంటు మీద గోదారి దాటే దగ్గర పొద్దున పూటైతే నర్సాపురం వైపు, సాయంత్రమైతే సఖినేటిపల్లి వైపు. ఊళ్ల పేర్లు చెప్పుకుంటూ పోతే తెల్లారిపోద్ది. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి మాత్రం తప్పకుండా వెళ్లండి, పదకొండు ప్రభలు, అంటే రంగు గుడ్డలు కట్టిన ఎత్తైన చట్రాలు, వస్తాయి, చేలల్లోంచి భుజాల మీద మోసుకొస్తారు. ఎఫ్ 8, షట్టర్ 1/500 తగ్గకుండా, ఐఎస్ఓ ఆటోలో పెట్టేసి వైడ్‌లో తీయండి. ప్రభ మీద ఎర్రరంగు గుడ్డలు ఫొటోలో తొందరగా కాలిపోతాయి, కాస్త మైనస్‌లో ఉంచితే మంచిది. మోసేవాళ్లకి అడ్డం మాత్రం పడకండి, వాళ్లు ఆగలేరు.

ఇక కొనడం. 35 వేలకి సెకండ్ హ్యాండే తీసుకోండి, బాడీ (లెన్స్ లేని ఒట్టి కెమెరా) ఒకటి, దాంతోపాటు వచ్చే కిట్ లెన్స్ ఒకటి, మిగిలిన డబ్బుతో 35 గానీ 50 ఎంఎం గానీ ఎఫ్ 1.8 లెన్స్. కొట్టువాడు నికాన్ 50 ఎంఎం డి లెన్స్ చవగ్గా ఇస్తానంటాడు, అది మంచి లెన్సే, కానీ డి3500, డి5600 లాంటి బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు కాబట్టి దానికి ఆటో ఫోకస్ పనిచేయదు, వాటికి ఏఎఫ్ ఎస్ అని గానీ ఏఎఫ్ పీ అని గానీ రాసున్నదే తీసుకోవాలి. కెనాన్ ఈఓఎస్‌లో ఈ బాధ లేదు, మోటార్ లెన్స్‌లోనే ఉంటుంది. కొనేముందు ఎఫ్ 16లో ఖాళీ ఆకాశాన్ని ఒక ఫొటో తీసి పెద్దది చేసి చూడండి, సెన్సార్ మీద దుమ్ముంటే నల్లచుక్కలు కనపడతాయి. లెన్స్‌కి ఒకవైపు నుంచి ఫోన్ టార్చి వేసి రెండోవైపు నుంచి చూడండి, లోపల సాలెగూడులాగా ఉంటే ఫంగస్, బేరం ఆడకుండా వచ్చేయండి.

ఎందుకంటే ఫంగస్ మన ఊళ్ల రోగం. చుట్టూ కాలవలు, వానాకాలం వచ్చిందంటే బట్టలే ఆరవు, ఇక లెన్స్ ఎంత. కెమెరా బ్యాగులో పెట్టి బీరువాలో దాచడం అన్నిటికంటే చెడ్డ అలవాటు, బ్యాగు గుడ్డ చెమ్మ పట్టుకునే ఉంటుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా కొని, అందులో రంగు మారే సిలికా జెల్ పోసిన చిన్న సంచి, తేమ చూపించే చిన్న మీటరు పెట్టండి, 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. జెల్ రంగు మారితే సన్న సెగ మీద వేడిచేసి మళ్లీ వాడొచ్చు. కొందరు బియ్యంలో పెడతారు, ఆ పిండి లెన్స్ రింగుల్లోకి పోద్ది, వద్దు. ఏసీ గదిలోంచి తెల్లారగట్ల బయటికి వస్తే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది, అందుకని జిప్ కవర్లో మూసి తీసుకెళ్లి అరగంట ఆగి తీయండి. అంతర్వేది బీచిలో లెన్స్ మార్చొద్దు, ఇంటికొచ్చాక తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో బాడీ తుడవండి, ఉప్పు వదిలేస్తే తర్వాత బటన్లు బిగుసుకుంటాయి.

ఎడిటింగుకి డబ్బు పెట్టక్కర్లేదు, ఫోన్‌లో స్నాప్‌సీడ్, కంప్యూటర్లో డార్క్‌టేబుల్, రెండూ ఫ్రీయే. రా ఫైళ్లు, అంటే కెమెరా కుదించకుండా దాచే ఫైళ్లు, తీసుకోండి, నీడలో పోయిన వివరం చాలావరకు వెనక్కి వస్తుంది, కాలిపోయిన తెలుపు మాత్రం రాదు, అందుకే పైన అంతసేపు కొంగ గురించి చెప్పింది.

పెళ్లిళ్ల సంగతి. చేయొచ్చు, ఆయ్, కానీ ఒంటరిగా ఒప్పుకోకండి. తెలిసిన స్టూడియో వాళ్ల పక్కన రెండో కెమెరాగా వెళ్లండి, మొదట్లో డబ్బులు అడక్కండి, భోజనాల దగ్గర, విడిదింట్లో, పెద్దవాళ్ల మొహాలు తీయండి, తలంబ్రాల టైములో మెయిన్ ఆయన భుజం మీంచి చూస్తూ ఎక్కడ నిలబడుతున్నాడో గమనించండి. సొంతంగా ఒప్పుకునే రోజుకి రెండో బాడీ ఒకటి అద్దెకైనా చేతిలో ఉండాలి, కార్డు నిండకముందే మార్చుకోవాలి, ఆ రాత్రే రెండు చోట్ల కాపీ చేసుకుని గానీ నిద్రపోకూడదు. జీలకర్ర బెల్లం మళ్లీ పెట్టమంటే ఎవరూ పెట్టరు కదండీ.