పిక్సెల్ మాట మీద వ్యాసం రాస్తున్న యువ రచయిత్రికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. డిజిటల్ బొమ్మలోని ఒక్కో చుక్కకు పేరైన పిక్సెల్ అనే చిన్న మాట పుట్టుకను, అది భాష నుంచి భాషకు నడిచిన తీరును పాఠకుడికి చెప్పాలన్న నీ పూనిక నచ్చింది. అయితే మొదటి వాక్యం దగ్గరే ఆగవలసి వచ్చింది. “పిక్సెల్ అనే పదాన్ని 1965లో ఫ్రెడరిక్ బిలింగ్స్‌లీ సృష్టించాడు” అని రాశావు. అమెరికాలోని పసాడెనాలో, నాసా అంతరిక్ష పరిశోధనలు సాగే జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో పనిచేసిన బిలింగ్స్‌లీ ఆ ఏడాది ప్రచురించిన రెండు పత్రాల్లో ఆ మాట ఉన్న సంగతి నిజమే. మనకు తెలిసిన ముద్రిత ఆధారాల్లో అవే మొదటివి. కానీ తాను దాన్ని కీత్ మెక్‌ఫార్లండ్ దగ్గర విన్నానని ఆయనే చెప్పాడు. పాలో ఆల్టోలో జనరల్ ప్రెసిషన్ సంస్థ లింక్ విభాగంలో పనిచేసిన ఆ మెక్‌ఫార్లండ్, అది ఎక్కడ మొదలైందో తనకూ తెలియదని, 1963 ప్రాంతానికే అది వాడుకలో ఉందని అన్నాడు. అంటే గొలుసు అక్కడితో తెగిపోయింది. తెగిన చోట తెగిందనే రాయి. రిచర్డ్ లయన్ అనే ఇంజనీరు పాత పత్రాలూ పేటెంట్లూ తిరగేసి 2006లో ఈ మాట చరిత్రను రాసినప్పుడు చేసింది కూడా అదే.

ఇక నీ వ్యాసంలో అసలు లేనిది, ఆ మాట ఎవరికి ఎందుకు అవసరపడిందన్న సంగతి. వస్తువు మాటకన్నా ముందే ఉంది. 1957లో అమెరికా ప్రమాణాల సంస్థలో రస్సెల్ కిర్ష్ తన పసిబిడ్డ ఫొటోను 176 వరుసలు, వరుసకు 176 చుక్కలుగా కంప్యూటర్‌లోకి ఎక్కించిన నాటికి ఈ పేరు అచ్చులో ఎక్కడా లేదు. చంద్రుడి నుంచీ అంగారకుడి నుంచీ అంతరిక్ష నౌకలు పంపిన బొమ్మలను అంకెలుగా మార్చి బాగుచేసే పని మొదలయ్యాక, ‘పిక్చర్ ఎలిమెంట్’ (చిత్ర మూలకం) అనే జంట మాటను రోజంతా పలకడం ఇంజనీర్లకు బరువై ఉంటుందని నా ఊహ. ఊహను ఊహగానే చెబుతున్నాను, నువ్వూ అలాగే చెప్పు.

బిలింగ్స్‌లీ పత్రాలు వెలువడిన ఆ 1965లోనే, జూలై నెలలో, అమెరికా నౌక మెరైనర్ 4 అంగారకుడి పక్కగా సాగిపోతూ బొమ్మలు తీసింది. ఒక్కో బొమ్మకు 200 వరుసలు, వరుసకు 200 చుక్కలు, ఒక్కో చుక్క వెలుగుకు 64 మెట్లలో ఒక అంకె. సెకనుకు ఎనిమిది బిట్ల పైచిలుకు వేగంతో ఒక్క బొమ్మ భూమికి చేరడానికే దాదాపు ఎనిమిది గంటలు పట్టింది. కంప్యూటర్ ఆ బొమ్మను తయారుచేసి ఇచ్చేదాకా ఓపిక పట్టలేని ఇంజనీర్లు, అంకెలు అచ్చయిన కాగితపు పట్టీలను పక్కపక్కనే అతికించి, ఏ అంకెకు ఏ రంగో నిర్ణయించుకుని, పాస్టెల్ సుద్దలతో చేత్తోనే రంగులు నింపారు. పిక్సెల్ అంటే ఏమిటో నీ పాఠకుడికి చెప్పడానికి ఇంతకు మించిన దృశ్యం నాకు తెలియదు. ఈ దృశ్యం రాస్తే, ‘పిక్సెల్ అనగా అతి చిన్న చతురస్రం’ అన్న నీ నిర్వచనం అవసరం కూడా తీరిపోతుంది. అది ఒక చోట కొలిచిన వెలుగుకు అంకె మాత్రమేనని, చతురస్రమన్నది దాన్ని తెర మీద చూపించే పద్ధతుల్లో ఒకటని గ్రాఫిక్స్ శాస్త్రవేత్త ఆల్వీ రే స్మిత్ 1995లో గట్టిగా వాదించాడు. ఆ సుద్ద గళ్ళ వెనక ఉన్నవి అంకెలే కదా.

మాట కట్టుబడి గురించి నువ్వు రాసిన పేరా పొడుగైంది. పిక్చర్స్ అనే మాటను పత్రికల వాళ్ళు ‘పిక్స్’ అని కుదించారు; 1930లలోనే వెరైటీ పత్రిక సినిమా శీర్షికల్లో అది కనిపిస్తుంది. దానికి ఎలిమెంట్‌లోని ‘ఎల్’ చేరింది. ఇది చాలు. కార్న్‌వాల్, డెవన్ జానపద కథల్లోని పిక్సీలనే చిట్టి దయ్యాలకూ దీనికీ సంబంధం లేదు. వాటి పేరు మీదుగా వచ్చిన, మతి చలించిన మనిషిని వర్ణించే ‘పిక్సిలేటెడ్’ పందొమ్మిదో శతాబ్దపు మాట. బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోవడాన్ని చెప్పే ‘పిక్సెలేటెడ్’ చాలా తరవాతిది. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలపకూడదు.

ఓడిపోయిన మాటను మాత్రం వదిలిపెట్టకు. అదే అర్థంలో ‘పెల్’ అనే మాట కూడా ఆ 1960లలోనే వచ్చింది, కంప్యూటర్ల సంస్థ ఐబీఎం తన సాంకేతిక పుస్తకాల్లో దాన్నే చాలాకాలం వాడింది. జనం నాలుక మీద పిక్సెల్ నిలిచినా, వీడియోను కుదించే ఇంజనీర్లు కదలికను లెక్కగట్టేటప్పుడు నేటికీ ‘క్వార్టర్ పెల్’ (పావు పెల్) అంటారు. గెలిచిన మాట ఎందుకు గెలిచిందో నిరూపించడం కష్టం. ‘పిక్స్’ అన్న ముక్కలో బొమ్మ వినిపిస్తుంది, ‘పెల్’లో వినిపించదు అని నాకు తోస్తుంది. పిక్సెల్‌కు పిల్లలు కూడా పుట్టాయి: ఘనపరిమాణంలోని చుక్కకు వోక్సెల్, ఉపరితలపు అల్లికలోని చుక్కకు టెక్సెల్. స్కానింగ్ యంత్రాలతో పనిచేసే వైద్యులకు వోక్సెల్ కొత్త మాట కాదు.

ఇతర భాషల భాగంలో నువ్వు పట్టిక ఇచ్చావు. పట్టికను ఎవరూ చదవరమ్మా. ఒక్కో భాష ఏంచేసిందో చూపించు. అరబ్బీలో ‘ప’ ధ్వని లేదు కనుక అది ‘బిక్సిల్’ అయి, అరబ్బీ బహువచనం తగిలించుకుంది. ఫిన్నిష్‌లో చివర ఇకారం చేరి ‘పిక్సెలి’, లిథువేనియన్‌లో పుంలింగ ప్రత్యయంతో ‘పిక్సెలిస్’. స్పానిష్ వాళ్ళు మొదటి అచ్చు మీద, పలకడంలో ఊనికను చూపే గుర్తు పెట్టి ‘పిక్సెలెస్’ అని బహువచనం చేసుకుంటే, ఇటాలియన్ వాళ్ళు ఒకటైనా వందైనా పిక్సెల్ అనే ఊరుకుంటారు.

అర్థాన్ని తర్జుమా చేసుకున్న భాషలను గమనిస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. జపాన్ వాళ్ళ ‘గాసో’, కొరియా వాళ్ళ ‘హ్వాసో’, గ్రీకుల ‘ఇకొనోస్తిహియో’ అన్నిటికీ చిత్ర మూలకం అనే అర్థం. అవి కుదించిన పిక్సెల్‌ను వదిలి, దాని వెనకున్న పాత జంట మాటను పట్టుకున్నాయి. జర్మన్లకు టెలివిజన్ తొలినాళ్ళ నుంచే బొమ్మ బిందువు అనే అర్థంలో ‘బిల్డ్‌పుంక్ట్’ ఉంది, అయినా పిక్సెల్ వచ్చి దాని పక్కన కూర్చుంది. జపాన్‌లోనూ రెండూ ఉన్నాయి: కెమెరా పెట్టె మీద గాసో, కంప్యూటర్ తెర కొలతల్లో పికుసెరు. పైగా అక్కడి కెమెరా లెక్క పదివేలలో నడుస్తుంది. మనం 12 మెగాపిక్సెల్ అనే చోట వాళ్ళు ‘1200 పదివేల గాసో’ అంటారు. లక్షలూ కోట్లూ ఉండి కూడా మనం కోటీ ఇరవై లక్షలు అనకుండా మెగా అనే ఊరుకున్నాం. దీనికి నేను బాధపడటం లేదు, తేడాను చూపించమంటున్నాను.

తెలుగు దగ్గరికి వచ్చేసరికి ‘చిత్రాణువు’ అని కొత్త పదం కట్టి, అందరూ దాన్నే వాడాలన్నావు. పదం అందంగానే ఉంది, కానీ వ్యాసం చరిత్ర చెబుతుండగా నువ్వు మధ్యలో తీర్మానం చదివినట్టయింది. దాని బదులు ఏదైనా ఫ్లెక్సీ దుకాణానికి వెళ్ళి కాసేపు కూర్చో. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోను పది అడుగుల ఫ్లెక్సీ మీద వేయమని ఎవరో అడుగుతారు. డిజైన్ చేసే అబ్బాయి దాన్ని తెర మీద పెద్దది చేసి చూపించి, “ఇది పగిలిపోతుందండీ, ఒరిజినల్ ఉంటే పంపండి” అంటాడు. పేరు అరువుదే అయినా, ఆ పేరున్న వస్తువు చెడిపోతే ఏమవుతుందో చెప్పే క్రియ మాత్రం మనదే. బహువచనం సంగతీ రాయి: ‘పిక్సెల్స్’ అనేవాళ్ళు ఎక్కువే గానీ, హోటల్ హోటళ్ళు అయిన దారిలోనే పిక్సెళ్ళు అనడం తెలుగు వ్యాకరణానికి సహజం. నువ్వు ఒకే పేజీలో రెండూ రాశావు, పిక్సల్ అని ఇంకో చోట. ఒక రూపం ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడు.

పత్రిక వాళ్ళు నిడివి తగ్గించమంటే పిక్సీల ముచ్చట మొత్తం తీసెయ్. మెరైనర్ సుద్ద రంగులనూ జపాన్ వాళ్ళ లెక్కనూ మాత్రం ముట్టుకోవద్దు. సవరించిన ప్రతిని అచ్చుకు పంపే ముందు నాకొకసారి చూపించు.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి