ముందు చెట్టును దించు, అల్లుడూ

ఎల్బీనగర్, హైదరాబాద్

అల్లుడూ,

నువ్వు పంపిన స్పెయిన్ వీడియో రెండుసార్లు చూశాను. ట్రాక్టర్‌కు బిగించిన చెయ్యి ఆలివ్ చెట్టు మొదలును పట్టి ఊపడం, కాయలు కింద పరిచిన వలల మీద జలజలా రాలడం చూడముచ్చటగానే ఉంది. అలాంటిది కొంటే కూలీల టెన్షన్ తీరుతుందన్నావు. మామిడికి మాత్రం అది వద్దు.

నూనెకు వాడే ఆలివ్ కాయ మూడు నాలుగు గ్రాములు. దెబ్బ తగిలినా వెంటనే గానుగకు పోతుంది కాబట్టి చెల్లిపోతుంది. మన బంగినపల్లి పావుకిలో పైమాటే. ఇరవై అడుగుల మీంచి పడ్డ కాయ ఆ రోజుకు బాగానే కనిపిస్తుంది, మాగేసరికి లోపల నల్లబడి మెత్తబడుతుంది. అయినా అక్కడి పాత తోటల్లోనూ ఆ మిషన్‌తో అంత సులువు కాదు. ఒక్కో చెట్టుకు రెండు మూడు మొదళ్లుంటే దేనికదే పట్టి ఊపాలి. ఏటవాలు నేలల్లో ట్రాక్టరే ఎక్కదు. అలాంటి చోట చేత్తో పట్టుకునే మోటారు దువ్వెనలతో రాలుస్తారు.

కొల్లాపూర్‌లో మీ తాతగారు వేసిన చెట్లకు నిచ్చెన కూడా అందదు. ఏ మిషన్ తెచ్చినా ముందు వాటి ఎత్తు దించాలి. కోత అయిపోయింది కదా, ఇదే అదను. నడిమిన నిట్టనిలువుగా పోయిన కొమ్మ చెట్టుకొకటి తీసెయ్. అన్నీ ఒకే ఏడు నరికావంటే కాపు పోతుంది, మూడేళ్లు ఓపిక పట్టు. కోసిన చోటల్లా బోర్డో పేస్ట్, అంటే మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద పుయ్యి.

పై ఏడాదికి కర్ర చివర బ్లేడు, వల సంచి ఉన్న చిక్కాలు నాలుగు కొను. తొడిమ బొటనవేలంత ఉంచి కోయించు. తర్వాత నీడలో తొడిమ పొట్టిగా కత్తిరించి, కాయను ముచ్చిక, అంటే తొడిమ ఉన్న కొస, కిందికి వచ్చేలా తడిక మీద బోర్లించి సొన కారనివ్వు. ఇది నేను కళ్లారా చూసి చెబుతున్న మాట. మేలో బాటసింగారం మార్కెట్‌లో ఒక రైతు పెట్టెలోంచి కమీషన్ ఏజెంటు కాయ తీసి, ముచ్చిక దగ్గర నుంచి కిందికి జారిన నల్ల చార మీద బొటనవేలు పెట్టాడు. నోరు తెరవలేదు, పెట్టె పక్కకు నెట్టాడంతే. ఏడాది కష్టం పోయింది సొన చుక్క వల్ల! ఆ రైతు ముఖం నాకింకా గుర్తుంది.

ఆదివారం పొద్దున్నే ఎంజీబీఎస్‌లో బస్సెక్కుతాను. రంపానికి పదును పెట్టించి ఉంచు. ఏ కొమ్మ తీయాలో చెట్టు కింద నిలబడి చూద్దాం.

మీ మామయ్య