లినక్స్‌లో మొత్తం చూపే వరుస ఒక్కటే ఎడమకు జరుగుతుంటే రూపాయి గుర్తును చూడండి

పాస్కల్ భాషలో, ఫ్రీ పాస్కల్ కంపైలర్‌తో రాసిన మీ ప్రోగ్రామ్ విండోస్‌లో అంకెలన్నింటినీ కుడి అంచుకు సరిగా నిలబెడుతున్నా, లినక్స్‌లో మాత్రం అడుగున కూడిక మొత్తం చూపే వరుసను రెండు గళ్లు (ఒక్కో అక్షరం పట్టే చోట్లు) ఎడమకు జరుపుతోందని రాశారు. భీమవరం దగ్గర మా బాబాయిగారి రొయ్యల చెరువులకు మేత లెక్కల ప్రోగ్రామ్ రాసినప్పుడు ఈ రెండు గళ్లే నన్ను రెండు రాత్రులు కూర్చోబెట్టాయి. మేత బస్తాల వరుసలు తాడు పట్టి నాటిన వరి దుబ్బుల్లా ఉండేవి, అడుగున ‘₹186450.00’ ఒక్కటే పక్కకు తప్పుకునేది. ముందు ట్యాబులను అనుమానించాను, తరువాత ఫాంటు మార్చాను; రెండూ వృథా అయ్యాయి.

అసలు ఆధారం విండోస్ తెరమీదే ఉంది. అక్కడ రూపాయి గుర్తు ఉండవలసిన చోట మూడు పిచ్చి గుర్తులు కనబడేవి, ఎందుకంటే అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఆ గుర్తు మూడు బైట్లు. తెరమీద రాయించే రైట్ (Write) ఆదేశంలో స్ట్రింగు (అక్షరాల గుంపు) పక్కన కోలన్ పెట్టి 14 అని వెడల్పు ఇస్తే, పాస్కల్ తెరమీది గళ్లను కాక బైట్లను లెక్కపెట్టి, తక్కువైన మేరకు ఎడమవైపు ఖాళీలు నింపుతుంది. పై మొత్తం 12 బైట్లు కనుక రెండే ఖాళీలు వేస్తుంది. లినక్స్ తెరమీద అది 10 గళ్లే పడుతుంది కనుక నాలుగు కావాలి. విండోస్‌లో గుర్తు చెడిపోయి మూడు గళ్లు ఆక్రమించినందువల్లే వరుస కుదిరింది! బైట్లను ఏ అక్షరాలుగా చూపాలో విండోస్‌కు చెప్పే కోడ్ పేజీని 65001కి, అంటే యూటీఎఫ్-8కి, మార్చి గుర్తు సరిగా కనబడేలా చేయగానే అక్కడా వరుస జరిగింది. దానితో నా అనుమానం తీరింది.

రూపాయి గుర్తును స్ట్రింగులో కలపకుండా ముందు విడిగా రాసి, ఆ తరువాత సంఖ్యకు మాత్రమే, 14లో గుర్తుకు ఒక గడి పోగా మిగిలిన 13 వెడల్పు ఇవ్వండి. రెండు చోట్లా యూటీఎఫ్-8 ఉన్నంతవరకు ఇది చాలు.

తెలుగు పేర్ల సంగతి వేరు. ‘రొయ్యలు’ అన్న మాట 21 బైట్లు. ఫ్రీ పాస్కల్‌తో ప్రోగ్రాములు రాసే సాధనమైన లాజరస్‌లో, బైట్లను కాక యూనికోడ్ గుర్తులను లెక్కపెట్టే యూటీఎఫ్8లెంగ్త్ దాన్ని 7 అంటుంది. కంటికి కనబడేవి మూడే అక్షరాలు, పైగా ఒత్తులకు, గుణింతాలకు ఒక్కో టెర్మినల్ (ప్రోగ్రామ్ రాసినది చూపే కిటికీ) ఒక్కో రకంగా గళ్లు కేటాయిస్తుంది. దీనికి సూత్రం రాయాలని చాలా కుస్తీ పట్టి, చివరకు చెరువు పేరును కుడివైపు ఆఖరి నిలువు వరుసకు మార్చేశాను. దాని తరువాత ఏమీ లేదు కనుక ఎంత వెడల్పు పడినా చెడేది లేదు.