మారియో బావా సినిమాలు ఎక్కడ మొదలుపెట్టాలి? ఆయనకు అంత పేరెందుకు?

కథలు అంత బలంగా ఉండవు కదా, మరి హారర్ అభిమానులు ఆయన్ని నెత్తిన పెట్టుకోవడం ఎందుకని అడిగారు. నేను షార్ట్ ఫిల్ములకు కెమెరా చేస్తుంటాను, ఆ వైపు నుంచే చెబుతాను. బావా మొదట కెమెరామన్, దర్శకత్వం తర్వాత వచ్చింది. ఆయన సినిమాల్లో భయమంతా లైటింగ్‌లోనే ఉంటుంది.

1914లో ఇటలీలోని శాన్‌రెమోలో పుట్టారు. తండ్రి యుజేనియో శిల్పి, మూకీల కాలంలో కెమెరా, ట్రిక్ షాట్ల పని చేసినవాడు. బావా చాలా ఏళ్లు కెమెరా చూసుకుంటూ, పక్కవాళ్ల సినిమాలను గట్టెక్కిస్తూ గడిపారు. ‘ఇ వాంపిరి’ (1957) షూటింగ్‌ను దర్శకుడు రికార్డో ఫ్రెడా మధ్యలో వదిలేస్తే మిగతాది ఈయనే పూర్తిచేశారు. అందులో ఒక అందగత్తె కట్ లేకుండా, మన కళ్లముందే ముసలిదైపోతుంది. నాకు ఆయన మీద పిచ్చి పట్టింది ఆ షాట్‌తోనే.

కిటుకు ఇదీ: ముఖం మీద ముడతలు ఎర్రరంగుతో గీస్తారు. ఎర్రలైటు వేస్తే ఆ గీతలు కలిసిపోయి కనిపించవు. లైటు ఆకుపచ్చకు మారే కొద్దీ నల్లగా తేలతాయి. ఫిల్మ్ బ్లాక్ అండ్ వైట్ కాబట్టి రంగు మారిన సంగతి ప్రేక్షకుడికి తెలియదు. ఒక స్నేహితురాలి ముఖం మీద లిప్ పెన్సిల్‌తో గీసి, రెండు లైట్లకు ఎరుపు, ఆకుపచ్చ జెల్ పేపర్లు (పారదర్శక రంగు కాగితాలు) కట్టి, కెమెరాను మోనోక్రోమ్‌లో పెట్టి నేనూ చేసి చూశాను. నిజంగానే పనిచేస్తుంది! కష్టమంతా వెలుగును తగ్గించి పెంచే డిమ్మర్ల దగ్గరే. ఒకటి తగ్గుతుంటే రెండోది సరిగ్గా అంతే పెరగాలి, లేకపోతే వెలుగు మారినట్టు కన్ను పట్టేస్తుంది. దాన్ని ఆయన నటి నటిస్తుండగా చేయించారు.

‘ద జెయింట్ ఆఫ్ మారథాన్’ను కూడా అలాగే ఒడ్డున పడేశాక నిర్మాతలు సొంత సినిమా ఇచ్చారు. అదే బార్బరా స్టీల్ నటించిన ‘బ్లాక్ సండే’ (1960). అది విడుదలయ్యేనాటికి ఆయనకు 46 ఏళ్లు. మీరు దీంతోనే మొదలుపెట్టండి. తర్వాత రంగుల్లోకి వెళ్లి ‘బ్లడ్ అండ్ బ్లాక్ లేస్’ (1964) చూడండి. ఫ్యాషన్ హౌస్‌లో హత్యలు, ముసుగు హంతకుడు... తర్వాత వచ్చిన ఇటాలియన్ ‘జల్లో’ (హత్యల మిస్టరీ) సినిమాలకు అచ్చు పోసింది ఇదే.

డబ్బు ఎప్పుడూ తక్కువే. ‘ప్లానెట్ ఆఫ్ ది వాంపైర్స్’ (1965)లో కనిపించే గ్రహమంతా ఏదో పౌరాణిక చిత్రం నుంచి మిగిలిన రెండు ప్లాస్టిక్ బండరాళ్లు, అద్దాలు, పొగ అని ఆయనే చెప్పారు. బడ్జెట్ లేదని బాధపడే మా షార్ట్ ఫిల్ము కుర్రాళ్లందరికీ నేను చూపించే సినిమా అది.

‘ఎ బే ఆఫ్ బ్లడ్’ (1971)లో రక్తపాతం ఎక్కువ. తట్టుకోలేననుకుంటే వదిలేయండి, హంతకుడు ఒక్కొక్కరినీ నరికి చంపే అమెరికన్ స్లాషర్ సినిమాలకు అది దారి చూపినా సరే. ‘లీసా అండ్ ది డెవిల్’ మాత్రం అసలు రూపంలోనే వెతికి చూడండి. అది కలలా సాగే సినిమా. కొనేవాళ్లు దొరకలేదని, ‘ఎక్సార్సిస్ట్’ అనే దెయ్యం సినిమా హిట్టయిన ఊపులో కొత్త సీన్లు అతికించి ‘ది హౌస్ ఆఫ్ ఎక్సార్సిజమ్’ పేరుతో 1975లో వదిలారు. మొదటిసారే ఆ వెర్షన్ చూస్తే బావా మీద తప్పు అభిప్రాయం పడుతుంది.