డెడ్‌లిఫ్ట్ చేసినప్పుడల్లా నడుము పట్టేస్తోంది, మానేయాలా?

రెండు నెలలకోసారి కుడి తుంటి, దానితోపాటే నడుము పట్టేస్తున్నాయనీ, కొన్నాళ్లు ఆగితే తగ్గి, డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువుల కడ్డీని, అంటే బార్‌ను, నిటారుగా లేస్తూ పైకెత్తే వ్యాయామం) మొదలుపెట్టగానే మళ్లీ మొదటికొస్తోందనీ, ఇక మానేయాలా అనీ అడిగారు. గానుగెద్దులా నేనూ మూడేళ్లు ఆ చుట్టే తిరిగాను. మానలేదు. ఏడాదిన్నరగా పెద్దగా ఇబ్బంది లేదు.

నేను నాగోలులో ఉంటాను, ఆఫీసు రాయదుర్గంలో. పగలంతా కుర్చీలో, సాయంత్రం మెట్రోలో, దిగగానే కాలనీ జిమ్ములో బార్ ముందు. మొదట్లో నేరమంతా కుర్చీ మీదే వేశాను. నడుముకు దిండు కొన్నాను, జిమ్ముకు బెల్టు కొన్నాను. ఇంట్లో అమ్మ చేత నువ్వుల నూనె మర్దన, దానికి కొసరుగా చీవాట్లు.

అసలు సంగతి నేను బరువులు రాసుకునే నోట్‌బుక్కులోనే ఉంది. నడుము పట్టేసిన తేదీల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి చూస్తే, ఆరింటిలో ఐదు విరామం తరువాతి వారంలోనే ఉన్నాయి. దసరాకు ఊరెళ్లి వచ్చాక ఒకటి, సంక్రాంతి తరువాత ఒకటి, మిగతా మూడూ నొప్పికని తీసుకున్న విశ్రాంతి ముగిశాకే. ప్రతిసారీ ఎక్కడ ఆపానో అక్కడే, 90 కిలోల దగ్గరే, మళ్లీ అందుకున్నాను. నొప్పి పోయింది కదా అని ధీమా. ఆ విరామంలో కండరాలు ఎంత పట్టు కోల్పోయాయో లెక్కలోకే తీసుకోలేదు.

రెండో తప్పు ఫిజియోథెరపిస్టు పట్టుకున్నారు. పక్క నుంచి ఫోనులో వీడియో తీశారు. నా టీషర్టు మీద అడ్డగీతలున్నాయి. బార్ నేలను వదలబోయే క్షణంలో నడుము దగ్గరి గీతలు ఒక్కసారిగా ఎడంగా జరిగాయి, అంటే సరిగ్గా అక్కడే వెన్ను గుండ్రంగా వంగుతోంది. పోటీల్లో వాడే పెద్ద ప్లేటు వ్యాసం 45 సెంటీమీటర్లు, కాబట్టి బార్ నేలకు 22.5 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. మా జిమ్ములో నేను ఎక్కించేవన్నీ చిన్న ప్లేట్లే. బార్ నాలుగు వేళ్లు దిగువన ఉండేది. నా తుంటి అంత కిందికి మడవదు, ఆ లోటును నడుము భర్తీ చేసేది. రెండు వైపులా అడుగున రబ్బరు ప్లేట్లు వేసి ఎత్తు పెంచాను. మా ట్రైనర్ దాన్ని మోసం అన్నారు. అననివ్వండి.

స్క్వాట్‌లో (బరువుతో గుంజీలా కిందికి దిగి లేచేటప్పుడు) తుంటి ముందు భాగంలో నొక్కినట్టు ఉంటే, పాదాలు కాస్త ఎడంగా పెట్టి, వేళ్లు బయటికి తిప్పి చూడండి. తుంటి గిన్నె (తొడ ఎముక తల ఇమిడే గుంట) ఆకారం అందరికీ ఒకేలా ఉండదు, పక్కవాడు దిగినంత లోతు మనమూ దిగాలని లేదు.

నేను 40 కిలోలతో మొదలుపెట్టి వారానికి 5 చొప్పున పెంచాను. నొప్పి పదికి మూడు దాటకూడదు, మర్నాటి పొద్దుటికల్లా మామూలు స్థితికి రావాలి. రాకపోతే పై వారమూ అదే బరువు. పది వారాల్లో చేరాల్సిన చోటికి నాలుగు నెలలు పట్టింది. ఈలోగా సైడ్ ప్లాంక్ (పక్కకు తిరిగి మోచేతి మీద ఒళ్లు నిలపడం), బర్డ్‌డాగ్ (చేతులూ మోకాళ్ల మీద ఉండి ఒక చేయి, రెండో వైపు కాలు చాపడం) రోజూ చేశాను. నిద్ర లేవగానే వంగి పాదాలు అందుకునే అలవాటు మాత్రం మానేశాను: రాత్రంతా పడుకున్నాక వెన్ను డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, అప్పుడు వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ.

ఎమ్మారై తీయించుకుంటానంటే డాక్టరు వద్దన్నారు. డిస్కు కాస్త ఉబ్బడం ఏ నొప్పీ లేనివారిలోనూ కనిపిస్తుందట. అయితే కాలు బలహీనపడినా, తొడల మధ్య స్పర్శ తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా ఇవేవీ ప్రయత్నించకండి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.

ముందుగా మీకు నొప్పి వచ్చిన తేదీలు గుర్తున్నంతవరకు రాసి, వాటికి ముందు వారం జిమ్ముకు వెళ్లారో లేదో చూడండి. వెళ్లే ఉంటే నా కథ మీకు సరిపోదు, అప్పుడు వీడియోతో మొదలుపెట్టండి.