మామిడి తోటలో కరెంటు టవరు: లాయరుని ఎప్పుడు కలవాలి?

బంగారుపాళెం దగ్గర మీ రెండెకరాల మామిడి తోట మీదుగా 220 కేవీ లైను పోతుందని నోటీసు వచ్చిందన్నారు. లాయరు అవసరమా, లైను ఆపించగలమా అని అడిగారు. పూతలపట్టు వైపు మాకూ ఇదే జరిగింది.

లాయరుని పెట్టుకోండి అన్నా, చెట్టు మీద గొడ్డలి పడకముందే. లైను ఆగుతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. 2003 విద్యుత్ చట్టం 164వ సెక్షన్ కింద అనుమతి తెచ్చుకున్న సంస్థకి 1885 టెలిగ్రాఫ్ చట్టం అధికారాలు వస్తాయి. మనం ఒప్పుకోకపోయినా లైను లాగొచ్చు. పట్టా మన పేరునే ఉంటుంది గానీ, ముప్పై మీటర్లకి పైగా వెడల్పున మామిడి పోయినట్టే. లాయరు పనికొచ్చేది పరిహారం దగ్గర.

మా నాయన మొదట భూతగాదాలు చూసే లాయరు దగ్గరికి వెళ్లారు. లైను పని ఆపమని కోర్టులో ఇంజంక్షన్ వేశారు, నిలబడలేదు, ఎనిమిది నెలలు పోయాయి. ఆలోపే 31 తోతాపురి చెట్లు కొట్టేశారు. నష్టం లెక్క రాసే పంచనామాలో 22 అని రాశారు, వయసు ఎనిమిదేళ్లట! అవి మా తాత నాటిన చెట్లు, నాకంటే పెద్దవి. ఆ కాగితం మీద నాయన చదవకుండానే సంతకం పెట్టేశారు. ఆ రోజు నేను ఊళ్లో లేనని ఇప్పటికీ బాధే.

తర్వాత చిత్తూరులో ఇలాంటి కేసులు నడిపిన లాయరమ్మ దొరికారు. "చెట్లున్నప్పటి ఫోటోలున్నాయా?" అన్నదే ఆమె మొదటి ప్రశ్న. లేవు. గుజ్జు ఫ్యాక్టరీకి కాయలు తోలిన తూకం చీటీలు నాయన బీరువాలో దాచి ఉంచారు, అవే మమ్మల్ని కాపాడాయి. పరిహారం చాలలేదని టెలిగ్రాఫ్ చట్టం 16(3) సెక్షన్ కింద జిల్లా జడ్జి దగ్గర పిటిషన్ వేస్తే, మొదట ఇచ్చినదానికి రెట్టింపు దాకా వచ్చింది. మూడేళ్లు పట్టింది.

అందుకే లాయరుని "16(3) పిటిషన్లు నడిపారా?" అని నేరుగా అడగండి. 2024 జూన్‌లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో టవరు స్థలానికి భూమి విలువలో 200 శాతం, తీగల కింద భూమికి 30 శాతం అని ఉంది. మీ లైనుకి ఏ జీవో (ప్రభుత్వ ఉత్తర్వు) వర్తిస్తుందో ఆయన చేత చూపించుకోండి. వచ్చే సొమ్ములో వాటా అడిగితే ఒప్పుకోవద్దు, బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం అది కుదరదు. పట్టా వదినగారి పేరు మీద ఉంటే, ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరుని ఇస్తుంది, 15100కి ఫోన్ చేయండి.

చెక్కు తీసుకునేటప్పుడు "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాసి సంతకం పెట్టండి. రేపు పొద్దున్నే ప్రతి చెట్టుకీ సున్నంతో నంబరు వేసి, పక్కన మనిషిని నిలబెట్టి ఫోటో తీయండి.